ఈశాన్యపు రాయి

గంటర్ గొలుసంటే
మా గుంటూరు గొలుసే అనుకున్నాను చాన్నాళ్లు.
ఎవరో దొర పేరులే ఏసుదాసూ,
అని నవ్వాడు సర్వేయరు.
అయినా ముప్పై నాలుగేళ్లు దాని కొస
సొంత ఊరి కొసలాగే పట్టుకు నడిచాను.

చైన్‌మన్ అంటే కొలిచేవాడు కాదు.
కొలతకి రెండో చివర నిలబడేవాడు.

రెండువందల పన్నెండు బై మూడు.
ఎకరం నలభై రెండు సెంట్లు, వాగు పోరంబోకు.
నల్లపాడు దాటాక, అప్పట్లో
తుమ్మ, తూటాకు, మోకాటి లోతు నీళ్లు.
ఈశాన్యం మూల రాయి నేనే పాతాను.
అడుగున పిడికెడు బొగ్గు వేశాను.
రాయిని పీక్కెళ్లే మొనగాడుంటాడు గానీ
బొగ్గుని ఎవడూ పట్టించుకోడని
పాత కరణం గారు చెప్పిన ఉపాయం.
బొగ్గుకి చెద పట్టదు, మట్టి తినదు.

రెండోసారి వెళ్లేసరికి పదిహేడు గుడిసెలు.
యార్డులో మిరప తొడిమెలు తీసే ఆడవాళ్లవి.
రాత్రిళ్లు వేళ్ల మంటకి
వాగులో చేతులు ముంచుకు కూర్చునేవాళ్లు.
మంగళవారం నోటీసు. శుక్రవారం పొక్లెయిను.
గోడకి రాసిన మైదా బంక ఇంకా తడిగానే ఉంది.
"ఏడు రోజులని రాశారంటగా,
ఇంకా నాలుగున్నయ్యి కదయ్యా" అంది మస్తాన్‌బీ.
మేమంతా లెక్కలవాళ్లమే.
ఒక్కడూ లెక్క చెప్పలేదు.
ఉడుకుతున్న ఆమె అన్నం గిన్నె
పొయ్యి మీంచి దించి పక్కన పెట్టాను.
ఆ రోజుకి నేను చేసిన గవర్నమెంటు ఉద్యోగం
అదొక్కటే.

మూడోసారికి అక్కడ మణిద్వీపం.
ఏసీ ఫంక్షన్ హాలు, వాగు మీద కల్వర్టు,
కల్వర్టుకి అటొకటి ఇటొకటి సిమెంటు ఏనుగులు.
దానికీ నోటీసిచ్చాం, అబద్ధమెందుకు!
ఏడో సెక్షను కింద, అందంగా టైపు కొట్టించి.
సంతకం పెట్టి తీసుకున్న వాచ్‌మన్
కాఫీ తాగి వెళ్లమన్నాడు.

ఇక ఫైలు బయల్దేరింది.
ఆర్డీవో ఆఫీసుకెళ్లి "రిమార్కులు కోరడమైనది" అని తిరిగొచ్చింది.
ప్లాను మీరే ఇచ్చారుగా అని కార్పొరేషనుకి పంపాం,
వాగు మీదేగా అని వాళ్లు ఇరిగేషనుకి.
ఇరిగేషను వాళ్లు నిజంగానే వచ్చి, వెతికి,
"స్థలమందు వాగు కనబడలేదు" అని రాశారు.
అంత నిజం నేను ఏ ఫైల్లోనూ చూళ్లేదు.
కోర్టు యథాతథ స్థితి అంది.
యథాతథంగా రెండో అంతస్తు లేచింది.

ఏడుగురు తహసీల్దార్లలో
సంయుక్త గారొక్కరే దుమ్ము దులిపి
పదండి కొలుద్దాం అన్నారు.
రెండు గొలుసులు సాగాయో లేదో ఫోను.
చాలాసేపు ఎండలో, చెవి దగ్గర పెట్టుకుని,
ఒక్క మాటా మాట్లాడకుండా.
చుట్టెయ్ ఏసుదాసూ, అన్నారు చివరికి,
నా మొహం చూడకుండా.
నెల తిరక్కుండా మాచర్ల బదిలీ.

అన్నట్టు, నేను రిటైరయ్యాను.
సన్మానం మణిద్వీపంలోనే.
హాలు ఉచితమట, భోజనాలు కూడా.
గోంగూర మటన్ బాగుంది. తిన్నాను.
శాలువా కప్పుతుంటే
గేటు నుంచి ఎన్ని లింకులు,
ఏనుగు నుంచి ఎన్ని, లెక్కేసుకున్నాను.
సరిగ్గా మైకు కింద, నాలుగడుగుల లోతున నా రాయి.
"ఈశాన్యంలో నీళ్లుండాలయ్యా వాస్తు ప్రకారం,
వీళ్లేంటి స్టేజీ కట్టారు" అని గొణిగాడు పక్కాయన.
ఉండేవండీ, అన్నాను.

రెండు మాటలు మాట్లాడమన్నారు.
"అందరికీ కృతజ్ఞతలు" అన్నాను.
సరిగ్గా రెండు మాటలే.

చెయ్యి కడుక్కుందామని వెనక్కి వెళ్తే
ఎంగిలి ప్లేట్ల గుట్ట ముందు మస్తాన్‌బీ.
జుట్టు నెరిసింది. నన్ను పోల్చింది, తిట్టలేదు.
"నా పొయ్యి ఇక్కడే కదా" అంటూ
కాలి బొటనవేలితో తడి టైలు మీద
చిన్న గీత గీసింది.

గొలుసు లేదు, పటం లేదు.
అంగుళం తేడా లేదు.